మా లారీకి బ్రేకులు కుదిరిన విధం

యుద్ధం ముగిసి ఇంకా ఏడాది తిరగలేదు. నేను నగరిలో పుట్టింట్లో ఉన్నాను. మా మామ చిత్తూరు నుంచి వస్తున్నాడని కబురు వచ్చింది. మామ అంటే నా భర్తే. మా అమ్మకు ఆఖరి తమ్ముడు. చిన్నప్పుడు నన్ను భుజాన వేసుకుని తిరిగినవాడే పెద్దయ్యాక నాకు తాళి కట్టాడు. అందుకని పెళ్లయిన తరువాత కూడా ఆయన నాకు మామే, ఆయన తండ్రి నాకు తాతే. పిలుపులు మార్చుకోవలసిన అవసరం రాలేదు.

నన్ను తీసుకుపోవడానికే వస్తున్నాడని మురిసిపోయి, తలంటుకుని, పెట్టె సర్దుకుని కూర్చున్నాను. వచ్చిన తరువాత తెలిసింది, ఆయన వచ్చింది లారీ కోసమని. మా ఊళ్లో ఒక నూలు వ్యాపారి కొట్టంలో యుద్ధం పొడుగునా కదలకుండా పడివున్న పాత లారీని బేరం చేసుకున్నాడు. దాన్ని చిత్తూరు తోలుకుపోతూ, ఎట్లాగూ దారే కదా అని నన్నూ ఎక్కించుకున్నాడు.

మా మామ పటాలంలో లారీలు తోలి వచ్చిన మనిషి. మాట తక్కువ. సంతోషం వచ్చినా కోపం వచ్చినా "ఊ" అంటాడు, అది ఏ "ఊ" అన్నది మనమే తెలుసుకోవాలి. తాత పుట్టినప్పటినుంచీ ఎద్దుల బండ్లు తోలినవాడు. చిత్తూరు బెల్లం మండీల బాడుగలన్నీ ఆయన బండ్లవే. కొడుకు పోరు పడలేక ఎద్దుల్ని అమ్మడానికి ఒప్పుకున్నాడు కానీ, లారీ మీద ఆయనకు నమ్మకం లేదు. "దానికి మేత లేదు, పేడ లేదు. అదేం జీవమప్పా?" అనేవాడు.

లారీ కోసం మామతో తాత కూడా నగరికి వచ్చాడు. వాళ్లిద్దరి వెంట మూడో మనిషి కూడా ఉన్నాడు. చిత్తూరులో మోటారు మేస్త్రీ. కంటికి సుర్మా, వేళ్లకు ఉంగరాలు, గుమ్మం పట్టనంత ఒళ్లు. ఇంజను దగ్గితే చాలు, దానికేం జబ్బో చెప్తానని ఆయనే చెప్పుకునేవాడు.

కొట్టం తలుపు తీయగానే లారీలోంచి ముందు ఒక కోడి, దాని వెంట పిల్లలు దిగివచ్చాయి. డ్రైవరు సీటులో పొదిగినట్టుంది. లారీకి తలుపులు లేవు, ముందు అద్దం లేదు, హారను రబ్బరు బుడ్డను ఎలుకలు కొరికేశాయి. అయినా మేస్త్రీ గొప్పలు ఉత్తవి కాదు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా ఇంజనును లేపాడు. వీధివీధంతా పొగ కమ్ముకుంది. మా అమ్మ దిష్టి తీసింది.

అప్పుడు మా మామ పెడలు తొక్కి చూసి, "మేస్త్రీ, బ్రేకు లేదు" అన్నాడు.

"బ్రేకుదేముంది బాబా! పోయేదానికి గావాల్సింది ఇంజను. బ్రేకు నిలిచేదానికి గదా? మనం నిలిచేది చిత్తూరులో. ఆడికి పోయినాక సూసుకుందాం" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట అప్పుడు అందరికీ సబబుగానే తోచింది.

మామ తోలుతుంటే పక్కన నేను, నా పక్కన మేస్త్రీ. తాత వెనకాల నిలబడ్డాడు. ఆయన చేతిలో పెద్ద కట్టె దిమ్మ. లారీ ఆగాలంటే ఆయన కిందికి దూకి ఆ దిమ్మను చక్రానికి అడ్డం వెయ్యాలి. అదే బ్రేకు. చదును నేల మీద ఏ చిక్కూ రాలేదు. తాత రెండుసార్లు దూకి రెండుసార్లూ ఆపాడు. మూడోసారి పుత్తూరులోకి దిగే పల్లంలో దూకాడు, దిమ్మ వేశాడు, లారీ దిమ్మనెక్కి దిగి తన దారిన తాను పోయింది.

ఆవేళ సంత. ఎదురుగా గొర్రెలు, గంపలు, మనుషులు. మామ చేతి బ్రేకు పట్టుకుని లాగాడు. అది ఊడి చేతికి వచ్చింది. దాన్ని ఏం చేయాలో తోచక నా ఒళ్లో పెట్టాడు. మేస్త్రీ "దూకండి, దూకండి!" అని కేకపెట్టి, మాకు దారి చూపించడానికన్నట్టు తానే ముందు దూకేశాడు. మేము దూకలేదు. మామ లారీని సంత పక్కనున్న సందులోకి తిప్పాడు. సందు చివర గడ్డివామి ఉంది. లారీ నిదానంగా పోయి దానిలో మూతి పెట్టి నిలిచింది. నేను ఒళ్లో ఇనప కడ్డీతో, నెత్తిన గడ్డితో దిగాను.

మేస్త్రీకి కుడి చెయ్యి విరిగింది.

సంత జనమంతా చుట్టూ మూగారు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి వాళ్లో ఆ ఊరికి వస్తారు కదా, అక్కడివాళ్లకు అది నిత్యం చూసే సంగతే. ఒక ముసలాయన మేస్త్రీని లేపి కూర్చోబెట్టి, "చెయ్యి ఇరిగినోళ్లు బండ్లు గట్టుకోని నానా అగసాట్లు పడి ఈడికొస్తారు. నువ్వు తెలివైనోడివప్పా, ఈడికొచ్చినాకనే ఇరగ్గొట్టుకున్నావు" అని మెచ్చుకున్నాడు. అంత నొప్పిలోనూ మేస్త్రీ ఆ మెప్పును కాదనలేదు.

ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలు పెట్టి భుజం నుంచి వేళ్ల దాకా కట్టు కట్టారు. ఇప్పేదాకా ఆ చేత్తో ఏ పనీ చెయ్యొద్దన్నారు. మేస్త్రీ చెయ్యి అడ్డంగా చాపుకుని, పెళ్లి ఊరేగింపులో కావడి మోస్తున్నవాడిలాగా లారీ వెనకభాగంలో కూర్చున్నాడు. ఎద్దుల బండి కూడా దాటిపోయేంత నిదానంగా ఎట్లాగో చిత్తూరు చేరాం.

*

ఇక బ్రేకులు బాగుచేయాలి. మేస్త్రీకేమో చెయ్యి లేదు. ఇంకో మేస్త్రీని పిలుద్దామని మామ అంటే ఆయన పౌరుషం పొడుచుకొచ్చింది.

"నా చెయ్యి ఇరగ్గొట్టిన బండిని ఇంకోడు ముట్టేదా? నాకు నోరుండాది. మీకు చేతులుండాయి. నేను చెప్తా, మీరు చెయ్యండి."

మా ఇంటి ముందర లారీని రాళ్ల మీదికి ఎత్తి, నాలుగు చక్రాలూ గాలిలో ఆడేటట్టు నిలబెట్టారు. పక్కనే పందిరి కింద మేస్త్రీకి మంచం వేశాం. పొద్దున్నే టంచనుగా వచ్చి, కట్టు చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఎడమ చేతిలో కాఫీ లోటా, నోట్లో తమలపాకులు.

ఆ లారీ బ్రేకు సంగతి నేను ఆయన నోటినుంచే నేర్చుకున్నాను. పెడలు తొక్కితే లారీ కడుపు కింద ఒక ఇరుసు తిరుగుతుంది. దాన్నుంచి నాలుగు ఇనప కమ్ములు నాలుగు చక్రాలకు పోతాయి. ప్రతి చక్రంలోనూ గుండ్రటి డబ్బా, డబ్బాలో రెండు నెలవంకల్లాంటి దిమ్మలు. కమ్మి లాగితే ఆ దిమ్మలు విచ్చుకుని డబ్బాను లోపలినుంచి అదుముతాయి, చక్రం నిలుస్తుంది. కమ్ములు నాలుగూ సమంగా లాగాలి. పైగా వెనక చక్రాలు ముందు పట్టాలి, ముందు చక్రాలు ఆ తరువాత రవంత ఆలస్యంగా పట్టాలి. ఏ పక్కదైనా ఎక్కువ లాగిందంటే బండి ఆ పక్కకు తిరుగుతుంది. మామ లారీ కింద పడుకుని కమ్ముల చివరనున్న నట్లు బిగించాలి, తాత చక్రాలు తిప్పుతూ ఏది పట్టిందో ఏది పట్టలేదో చెప్పాలి. పైన పెడలు తొక్కడానికి మిగిలింది నేను.

కొంగు దోపుకుని సీటెక్కి కూర్చున్నాను. వీధిలో ఆడవాళ్లందరూ చేటలూ, రోకళ్లూ వదిలిపెట్టి వచ్చి నిలబడ్డారు.

"రవంత తొక్కు బిడ్డా" అన్నాడు మేస్త్రీ.

తొక్కాను. నాలుగు చక్రాలూ బిగుసుకున్నాయి. తాత వేళ్లు నలిగినంత పనైంది.

"ఇది రవంతనా? రవంత తొక్కమంటే కొండను తొక్కినట్టు తొక్కితివే!"

ఇంకోసారి తొక్కాను. ఏమీ కదల్లేదు. "తొక్కినావా?" అన్నాడు మేస్త్రీ. "తొక్కినా" అన్నాను. "యాడ తొక్కినావు, గాలినా?" అన్నాడు. పొద్దంతా ఇట్లాగే గడిచింది. నా రవంత వేరు, ఆయన రవంత వేరు, లారీ కిందనున్న మా మామ రవంత వేరు. చివరికి మేస్త్రీ కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"బిడ్డా, చీకట్లో నడస్తా చీమను తొక్కినావనుకో, ఎంత తొక్కుతావు? అది ఒకటి. పిల్లి తోకను తొక్కినావనుకో, అది రెండు. పామును తొక్కినావనుకో…"

"తొక్కితే ఇడస్తానా, సచ్చేదాకా తొక్కుతా" అన్నాను.

"శభాష్! అది మూడు."

అప్పటినుంచి పని జోరందుకుంది. "చీమ!" అంటే చక్రాలన్నీ ఆడాలి. "పిల్లి!" అంటే వెనకవి పట్టాలి, ముందువి తిరగాలి. "పాము!" అంటే నాలుగూ బిగుసుకోవాలి. మామ కాళ్లు మాత్రమే బయటికి కనబడేవి. లోపలినుంచి "ఊ" వస్తే కుదిరిందని, "ఊహూ" వస్తే లేదని. కొత్తగా దారినపోయే వాళ్లు మాత్రం, పట్టపగలు ఒక లావాటి సాయిబు మంచం మీద కూర్చుని "పాము! పాము!" అని అరుస్తుంటే హడలిపోయి కర్రల కోసం వెతుక్కునేవాళ్లు.

ఒక్క తాతకే ఏదో వెలితిగా ఉండేది. చక్రాలు పట్టినప్పుడల్లా లోపలి దిమ్మలు కీచుమని అరిచేవి. ఆ అరుపు వింటే ఆయన ప్రాణం విలవిలలాడేది. "ఇరుసు ఎండి ఏడస్తా ఉండాది. మీకెవురికీ చెవుల్లేవా?" అనేవాడు.

"అది ఏడుపు గాదు పెద్దాయనా, పాట! బ్రేకు పాడే పాట" అని మేస్త్రీ నవ్వేవాడు.

తాత నవ్వలేదు.

*

ఆ వారం చివర్లో లారీని రాళ్ల మీదినుంచి దించాం. మామ దాన్ని వీధి మొగదాకా తోలి బ్రేకు వేశాడు. లారీ నిలిచింది కానీ, నిలిచేముందు ఎడమకు తిరిగి అక్కడున్న కాఫీ హోటలు పందిట్లోకి తల పెట్టింది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు లోటాలు పట్టుకుని లేచి పక్కకు జరిగారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఎడమ కమ్ములు వదులు చేశారు. మళ్లీ తోలారు. మళ్లీ కాఫీ హోటలే. కుడి కమ్ములు బిగించారు. మళ్లీ కాఫీ హోటలే. ఆ తరువాత మా ఇంటి ముందర ఇంజను చప్పుడు వినబడితే చాలు, హోటలు యజమాని "బెంచీలు తీయండప్పా, వస్తా ఉండారు" అని కేకవేసేవాడు. ఒకసారి మామ దిగి క్షమించమని అడగబోతే, "కాఫీ గావాలంటే నడిచి రాగూడదా?" అన్నాడాయన.

మేస్త్రీ అన్నం మానేశాడు. కమ్ములు కొలిపించాడు, సరిగ్గానే ఉన్నాయి. నట్లు చూపించుకున్నాడు, సరిగ్గానే ఉన్నాయి. చివరికి నామీద పడ్డాడు.

"బిడ్డ ఎడమపక్కకు తొక్కినట్టుండాది."

నాకు ఒళ్లు మండింది. "పెడలు ఒగటే గదా మేస్త్రీ ఉండేది! దాన్లో ఎడమేంది, కుడేంది? మీ మాదిరి నేనేం దూకి పారిపోలేదే!" అన్నాను. లారీ కిందినుంచి "ఊ" అని వినిపించింది. అది ఎవరిని సమర్థించిన "ఊ" అన్నది నాకు ఈనాటికీ తెలియదు.

ఆ సాయంత్రం దీపాల్లో పోయడానికి వంటింట్లో ఆముదం జాడీ వంచాను. చుక్క పడలేదు. జాడీ నిండుగా ఉండాలి. బయటికి వచ్చి, "తాతా, ఆముదం యాడికి పోయింది?" అని అడిగాను.

"పోవాల్సిన తావుకే పోయింది" అన్నాడు తాత, మీసం మీద చెయ్యేసి.

"అంటే?"

"నోరులేని జీవం అట్ల ఏడస్తా ఉంటే ఇనుకుంటా కూసోమంటావా? నలబై ఏండ్లు బండ్లు తోలినా, నా బండి ఒక్కనాడన్నా కిర్రుమనిందా? కుడిపక్క రెండు చక్రాలకీ దండిగా పట్టించినా. సూడు, ఇప్పుడు అవి నోరెత్తితే ఒట్టు. ఎడమవాటికే సాల్లేదు. రేపు గానగకు బొయ్యి తెస్తా."

ఆ మాట పందిట్లో అందరికీ వినబడింది. కుడిపక్క దిమ్మలు ఆముదంలో నాని జారిపోతున్నాయి. ఎడమవి మాత్రమే పడుతున్నాయి. లారీ ఎడమకు తిరగక ఏం చేస్తుంది?

మేస్త్రీ రెండు చేతులూ నెత్తికేసి కొట్టుకోబోయాడు. కట్టు చెయ్యి కదిలి "యా అల్లా!" అని అరిచాడు. మా మామ లారీ కిందినుంచి పాకుతూ బయటికి వచ్చి, మట్టిలో వెల్లకిలా పడుకుని, కళ్లలో నీళ్లు కారేదాకా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగిన తరువాత ఆయన అట్లా నవ్వడం నేను చూడటం అదే మొదలు. ఆయన్ను చూసి నేను, నన్ను చూసి మేస్త్రీ. తాత మాత్రం మా ముగ్గురికీ మతి పోయిందనుకుని లోపలికి పోయాడు.

మరునాడు కుడిపక్క చక్రాలు ఊడదీసి దిమ్మలు బయటికి తీశారు. వాటికి అంటించిన గుడ్డలాంటి పట్టీ ఆముదం తాగి నల్లగా నిగనిగలాడుతోంది. కిరసనాయిలుతో కడుగుదామంటే రేషను రోజులు, దీపానికే దిక్కు లేదు. చాకిరేవు దగ్గరినుంచి చౌడుమన్ను తెచ్చి నేను రుద్ది రుద్ది కడిగాను. అయినా జిడ్డు పోలేదు. "కాల్చాల. నిప్పుల మీద నిదానంగా కాలిస్తే లోపలి నూనెంతా కక్కేస్తాది" అన్నాడు మేస్త్రీ.

నిప్పులున్నది నా పొయ్యిలో. అప్పడాలు కాల్చినట్టు ఒక్కో దిమ్మనూ తిరగేసి మరగేసి కాల్చాను. పొగకు ఇల్లంతా కళ్లు కనబడలేదు. ఎవరికో విరేచనాల మందు కాస్తున్నామనుకుని పక్కింటావిడ పరామర్శకు వచ్చింది. మేస్త్రీ గుమ్మం బయట నిలబడి, "మాడనీయొద్దు బిడ్డా, ఎర్రగా రావాల" అని వంటకు చెప్పినట్టే చెప్తున్నాడు. ఆ పూట ఇంట్లో ఎవరూ నోట్లో ముద్ద పెట్టుకోలేకపోయారు.

దిమ్మలు ఎక్కించి, కమ్ములు మళ్లీ మొదటినుంచీ సరిచేసి, వీధి మొగదాకా తోలాం. లారీ కీచుమని అరిచి నట్టనడి వీధిలో తిన్నగా నిలిచింది. కాఫీ హోటలు ముందర బెంచీలెత్తుకుని నిలబడ్డవాళ్లు ఒక నిమిషం కాచుకున్నారు. ఇక రాదని తెలిసి కొంచెం నిరాశ పడ్డట్టే కనిపించారు.

*

లారీ బాడుగలకు తిరగాలంటే సర్కారు అనుమతి కావాలి. దానికి వచ్చే అధికారిని జనమంతా బ్రేకు ఇన్‌స్పెక్టరనే పిలిచేవాళ్లు. బక్కపలచని మనిషి, గంజి పెట్టిన కాకీ దుస్తులు, నెత్తిన దొర టోపీ. బరువుతోనే పరీక్షించాలన్నాడు. తిరుపతికి పోవలసిన బెల్లం గంపలు నింపి, పూతలపట్టు దారి పట్టాం. ముందు మామ, ఆయన పక్కన ఇన్‌స్పెక్టరు, ఆ పక్కన కట్టు చేతితో మేస్త్రీ. పరీక్షలో నెగ్గితే అట్నుంచటే తిరుపతి పోయి స్వామిని చూసి వద్దామని నేనూ తాతా వెనక బెల్లం మీద కూర్చున్నాం.

పూతలపట్టు దగ్గర పల్లం వచ్చింది. లారీ మంచి వేగంలో ఉంది. ఇన్‌స్పెక్టరు దూరాన కొండల్ని చూస్తూ, ఏదో మాటవరసకన్నట్టు, "ఆపు" అన్నాడు.

మామ పాము తొక్కుడు తొక్కాడు.

లారీ నిలిచింది. మిగతావేవీ నిలవలేదు. ముందు అద్దం లేదు కనక ఇన్‌స్పెక్టరు టోపీ ఎగిరి రోడ్డు మీద పడింది. ఆయన నుదురు ముందున్న చెక్కకు కొట్టుకుంది. గంపలన్నీ ముందుకు జరిగాయి. తాత దొర్లుకుంటూ పోయి ఒక గంపలో కూలబడ్డాడు. నా చెయ్యి మోచేతిదాకా బెల్లంలో దిగింది.

ముందునుంచి మేస్త్రీ ఆనందంగా కేకపెట్టాడు. "చూస్తిరా దొరా! ఏ పక్కకూ పోలేదు!"

ఇన్‌స్పెక్టరు నుదురు పట్టుకుని దిగాడు. లారీ వెనక్కి నడిచి, దుమ్ములో చక్రాలు గీసిన గీతల్ని వంగి వంగి చూశాడు. తిన్నగా, సమంగా ఉన్నాయి. తిరిగి వచ్చి మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. నుదుటి మీద బొప్పి నిమ్మకాయంత లేచింది.

"బ్రేకు లేదని ఎన్నో బండ్లను వెనక్కి పంపినాను. బ్రేకు ఎక్కువయిందని పంపేదానికి నాకు రూలు లేదు" అన్నాడు.

తాత టోపీ ఏరుకుని, దుమ్ము దులిపి, దానితోపాటు ఒక బెల్లం అచ్చు కూడా చేతిలో పెట్టాడు. ఆయన వద్దనబోయి, ఏమనుకున్నాడో, బెల్లం నోట్లో వేసుకున్నాడు. చిత్తూరు పోయే బస్సు రాగానే మేస్త్రీని తోడు తీసుకుని ఎక్కేశాడు. మా లారీలో వెనక్కి రావడానికి ఆయనకు మనసు రాలేదు.

ముందు సీటు ఖాళీ అయింది. మామ వెనక్కి చూసి, "నాయనా, ముందరికి రా" అన్నాడు. తాత మొదట రానన్నాడు. తరువాత వచ్చి, అంచున, పడిపోతానేమోనన్నట్టు కూర్చున్నాడు. నేను మధ్యలో కూర్చున్నాను. చంద్రగిరి దాటేదాకా ఆయన సీటును రెండు చేతులా పట్టుకునే ఉన్నాడు. ఒక మలుపు దగ్గర ఎదురుగా ఆవుల మంద వచ్చింది. అలవాటు కొద్దీ, "హో… హో… నిదానం రా కొడకా" అన్నాడు. సరిగ్గా అప్పుడే మామ పిల్లి తొక్కుడు తొక్కాడు. లారీ నిదానించింది.

తాత లారీ వైపు వింతగా చూశాడు. ఆ తరువాతి మలుపులో మళ్లీ "హో" అన్నాడు. లారీ మళ్లీ నిదానించింది. ఇంకో మలుపుకు ఆయన సీటు నిండా కూర్చున్నాడు. "మాట ఇంటాదే! మంచి జీవమే" అన్నాడు నాతో, గుట్టుగా.

నేను మామ ముఖం వైపు చూశాను. ఆయన రోడ్డునే చూస్తూ "ఊ" అన్నాడు. తిరుపతి చేరేదాకా తాత హో అన్నప్పుడల్లా ఆయన కాలు పెడలు మీదికి పోయింది. తాత బతికున్నన్నాళ్లూ ఆ సంగతి మామ ఆయనతో చెప్పలేదు, నేనూ చెప్పలేదు.